మంచము ప్రక్కని మనిషి

మా బంటుమిల్లి ప్రాంతమున వ్యాధి ముదిరినవారిని మొదట బందరుకో గుడివాడకో, అచట కుదురనిచో బెజవాడకో గొనిపోవుదురు; అప్పటికిని ఆశ చావని కుటుంబములు అప్పో సప్పో చేసి రాయవేలూరు రైలెక్కును. అటనుండి తిరిగివచ్చినవారు వైద్యుల నేర్పును, పరీక్షల ఖర్చును చెప్పి చెప్పి, తుదకు, మందీయక, నాడి చూడక, మంచము ప్రక్క కూర్చుండి మంచిచెడ్డలడిగి పోయిన యొకానొక మనిషిని గూర్చి తప్పక చెప్పుదురు. ఆయనను అచట చాప్లెయిన్, అనగా ఆసుపత్రి ఆధ్యాత్మిక సేవకుడు, అందురు. 1900లో ఐడా స్కడర్ దొరసాని ఒక్క మంచముతో నారంభించిన యా రాయవేలూరు వైద్యాలయమున ఈ పనికై ప్రత్యేకవిభాగమే కలదు.

అవసానవేళ గజేంద్రమోక్షము వినిపించుట, తులసితీర్థము పోయుట, దర్గానుండి తాయెత్తు తెచ్చి కట్టుట, సంఘకాపరి నూనె రాసి ప్రార్థించుట మన యిండ్ల నెరిగినవే, ఐ.సి.యు. తలుపు దాటిన పిదప మాత్రము రోగికి ఇవి యేవియు నందవు. 1883లో గుంటూరు చేరి 1898లో ఆసుపత్రి నెలకొల్పిన మిషను వైద్యురాలు అన్నా కుగ్లర్ నాటి మిషను వైద్యశాలలు ప్రార్థనను చికిత్సతో జోడించినవి గాని, వెంట మతబోధయు నుండుటచే పలువురికి శంక మిగిలెను. ఆ శంక అకారణమని నేననను. రోగి విశ్వాసము జోలికి పోకుండుటయే యీ చాప్లెయిన్ విద్యకు తొలి నియమము.

బందరులో ఒక వార్డునందు నేను కన్నులార చూచితిని. పొరుగు మంచము వారికై వచ్చిన పాస్టరుగారొకరు, రాత్రులు నిద్రలేక మూలుగుచున్న వృద్ధరైతు తలగడక్రింద చిలకలపూడి పాండురంగని పటము చూచి, దానిని తీసి ఆయన చేతికందిచ్చి, "పెద్దాయనా, మనసులో ఏదన్నా కెలుకుతుందా?" అని యడిగిరి. చాలసేపటికి, "మా తమ్ముడికీ నాకూ మాటల్లేవండి, గట్టు కాడ తగువు" అని జవాబు వచ్చెను. పాస్టరుగారు ఉపదేశమేమియు చేయక, కబురు పంపమందురా యని మాత్రమడిగిరి. మరునాడు తమ్ముడు బస్సు దిగి వచ్చెను. అన్నదమ్ములేమి మాటాడుకొనిరో నేనెరుగను. ఆ రాత్రి పెద్దాయన నిద్రపోయెను.

లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీసును, అనగా మరణాసన్నుల సేవాలయమును, స్థాపించిన సిసిలీ సాండర్స్, నర్సుగా మొదలై వైద్యురాలైన విదుషి, దేహపు నొప్పిని, మనోవ్యథను, ఇంటి చింతను, ఆత్మక్షోభను వేరువేరుగా గాక ఒక్క బాధగానే చూడవలెనని బోధించినది. గట్టు తగవునకు మాత్రలు లేవు. దానిని వినిపించుకొను మనిషి కావలెను, ఆ వినికిడికి శిక్షణయు కావలెను, ఏలయన దయ కలిగియు మాటలాపుకొనలేనివారు రోగిని మరింత అలయింతురు.

2023లో బందరున ప్రభుత్వ వైద్యకళాశాల తెరచిరి. అచటి పెద్దలకు నా విన్నపమొక్కటే: ఏ మతమువారైనను సరే, రోగి యనుమతి లేనిదే దేవుని మాటయెత్తనివారిని, విన్నమాట పైకి పొక్కనీయనివారిని ఎంచి, తరిఫీదిచ్చి, జీతమిచ్చి, వార్డునకొక్కరినైనను నియమింపుడు.