శిక్షణ ఎవరి కోసం? సురభి అనుభవం – ఒక పరిశీలన

ప్రదర్శన కళాకారుల వృత్తి వికాసం అనగానే చాలామందికి శిక్షణ శిబిరమే గుర్తుకు వస్తుంది. కొన్ని రోజుల తరగతులు, చివర ఒక ధ్రువపత్రం. శిబిరం ముగిశాక కళాకారుడి చేతిలో ఏం మిగిలింది? ఈ ప్రశ్నతో సురభి నాటక సమాజాల అనుభవాన్ని పరిశీలిద్దాం.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ప్రదర్శనతో మొదలైన ఈ కుటుంబ పరంపరలో రంగస్థలమే బడి. పసివాడు లోహితాస్యుడిగానో, ప్రహ్లాదుడిగానో రంగం మీదికి వస్తాడు. వేషం లేని రోజు తెర లాగుతాడు, హార్మోనియం పక్కన కూర్చుంటాడు. పద్యం, తెరల అమరిక, ‘మాయాబజార్’లోని ట్రిక్కులు అన్నీ చూసి నేర్చుకున్నవే. వీరిని ‘శిక్షణ లేనివారు’ అనడం పొరపాటు. వీరిది పాఠ్యపుస్తకం లేని శిక్షణ.

అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. తాత అభినయమే మనవడికి కొలబద్ద అవుతుంది. కొత్త నాటకం, కొత్త నటనారీతి బయటి నుంచి రావలసిందే. బి.వి. కారంత్ చేసిన కృషి విలువ ఇక్కడ తెలుస్తుంది. సురభి నటులతో ఆయన ‘భీష్మ’, ‘చండీప్రియ’, బ్రెహ్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ రూపొందించారు. తెలిసిన పురాణలోకం, తెలియని బ్రెహ్ట్ – రెండూ ఆ నటుల చేతికే వచ్చాయి. జాతీయ నాటక పాఠశాల సంచాలకులుగా పనిచేసిన కారంత్, బాల్యంలో గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో పెరిగినవారన్నది మరచిపోకండి. కంపెనీ నటుడికి ఏం తెలుసో ఆయనకు తెలుసు. అందుకే ఆయన శిక్షణ ఉపన్యాసంగా కాక, ఆడదగిన నాటకంగా మిగిలింది.

ఇంతటితో సమస్య తీరిందా? లేదు. చాలా ఏళ్ల క్రితం ఒక శిబిరంలో నేను ప్రసంగం ముగించగానే ఒక హార్మోనిస్టు లేచి, “అయ్యా, ఈ వారం నాకు నాలుగు ఆటలు పోయాయి. ఆ డబ్బులు ఎవరిస్తారు?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. టిక్కెట్టు మీద బతికే కళాకారుడికి శిక్షణ ఉచితం కాదు. పోయిన ఆటలే దాని రుసుము. పని మానకుండా చదువుకోవాలనే మీలో చాలామంది దూరవిద్యను ఎంచుకున్నారు. కళాకారుడు కోరుకునేదీ అదే.

కాబట్టి ఏ శిక్షణనైనా మూడు ప్రశ్నలతో విమర్శించండి. అది కళాకారుడికి తెలిసిన విద్యతో మొదలైందా? అతని జీవనోపాధిని కాపాడిందా? శిక్షకుడు వెళ్లిపోయాక సమాజం ఆడుకోవడానికి ఏమైనా మిగిలిందా? మూడో ప్రశ్నకు ‘లేదు’ అన్నది జవాబైతే, వికసించింది శిబిరమే గాని కళాకారుడు కాదు.

అభ్యాసం: మీ ప్రాంతంలోని ఒక నాటక, బుర్రకథ లేదా హరికథ కళాకారుడిని కలిసి ఈ ప్రశ్నలు అడగండి. ఆయన జవాబులను ఒక పుటకు మించకుండా విశ్లేషించండి.