అరిసెల పాకం

కూచిపూడి అనగానే సిద్ధేంద్ర యోగి, భామాకలాపం గుర్తుకొస్తాయి. మొవ్వ మండలంలోని ఆ ఊరు నాట్యానికి ఎంత పేరుపడ్డా, దాని చుట్టూ ఉన్నవి వరిచేలే. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయి కాలవలు పారినప్పటి నుంచి ఈ డెల్టాకు వరే ఆధారం. మార్గశిరం దాటేసరికి కోతలయి, నూర్పిళ్లయి కొత్త ధాన్యం ఇంటికొస్తుంది. కొత్త బెల్లమూ ఆ రోజుల్లోనే వస్తుంది. సంక్రాంతి పిండివంటల్లో అరిసెకు పెద్దపీట వేయడానికి కారణం ఈ రెండే.

నిజానికి పండగ వంటలు సంక్రాంతి దాకా ఆగవు. క్రిస్మస్ చేసుకునే ఇళ్లలో డిసెంబరులోనే మూకుడు పొయ్యెక్కుతుంది. కేకు ఉన్నా సరే, అరిసెలూ జంతికలూ లేకపోతే చుట్టాల ముందు పళ్లెం నిండదు. యూరప్‌లో అవే చలిరోజుల్లో ఇంటింటా బిస్కెట్లు కాల్చి డబ్బాల్లో దాచుకుంటారు. మనకు పొయ్యీ నూనే ఉన్నాయి కాబట్టి వేయించుకున్నాం. వచ్చినవాళ్లకు పెట్టడానికి, వెళ్లేవాళ్ల చేతిలో పెట్టడానికి నిలవుండే తీపి కావాలన్న ఆలోచన మాత్రం రెండుచోట్లా ఒకటే.

జంతికలు, చేగోడీలు, సున్నుండలు కాస్త చేయి తిరిగితే ఎవరికైనా వస్తాయి. అరిసె అలా కాదు. బియ్యం ముందురోజే నానబోసి, మధ్యలో నీళ్లు మార్చాలి. మర్నాడు వాడ్చి, గుడ్డ మీద కాసేపు పరిచి, తడి పూర్తిగా ఆరకముందే దంచాలి. ఇప్పుడు రోకలి బదులు మిల్లే దిక్కయినా, పిండిలో తడి ఉండి తీరాలి. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పి ఉంచేది అందుకే. ఆరిన పిండి పాకాన్ని ఎక్కువగా పీల్చి అరిసెను గట్టిపరుస్తుంది.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం సుమారు లెక్క. బెల్లాన్ని కొద్ది నీళ్లతో కరిగించి, వడగట్టి, మళ్లీ పొయ్యి మీద పెడతారు. ఇక అక్కడి నుంచి కళ్లన్నీ పాకం మీదే. పక్కన చన్నీళ్ల పళ్లెం ఉంటుంది. గరిటెతో ఒక చుక్క అందులో వేస్తే మొదట కరిగిపోతుంది, తర్వాత తీగ సాగుతుంది, ఆ తర్వాత వేళ్ల మధ్య మెత్తటి ఉండ కడుతుంది. అదే అరిసెల పాకం. థర్మామీటరు పెట్టి చూస్తే సుమారు 115 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఇంకో నిమిషం ఉంచితే ఆ ఉండ పళ్లానికి కొట్టినప్పుడు టంగుమంటుంది. ఆ పాకం వేరుశెనగ అచ్చుకు పనికొస్తుంది గానీ అరిసెకు పనికిరాదు.

దించగానే యాలకుల పొడి, నెయ్యి వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో కలుపుతారు. ఒంటిచేత్తో అయ్యే పని కాదిది. వేడి పాకంలో పిండి సగం ఉడికి చలిమిడి అవుతుంది. నువ్వులద్ది, నూనె రాసిన అరిటాకు మీద తట్టి, కాగిన నూనెలో వేస్తారు. పాకం లేతదైతే అరిసె నూనెలోనే విచ్చిపోతుంది. ముదిరితే చెక్కలా బిగుస్తుంది. సరిగ్గా కుదిరినది ముందు మునిగి, నెమ్మదిగా తేలి, బంగారు రంగు తిరుగుతుంది. తీసిన వెంటనే రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కితే నూనె ధారగా కారిపోతుంది. ఒకప్పుడు శుభ్రమైన వరిగడ్డి మీద పరిచి ఆరబెట్టేవారు. పిండిలో ఉన్న కాస్త తడినీ బెల్లం పట్టి ఉంచుతుంది కాబట్టి బూజు తొందరగా చేరదు. రెండు వారాలైనా లోపల మెత్తగానే ఉంటుంది.

బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరిసె మాత్రం ఏ ఒక్క ఊరి సొత్తూ కాదు. తమిళులకు అదిరసం, కన్నడిగులకు కజ్జాయ, ఒడియా వాళ్లకు అరిస పిఠా. మన ఇళ్లలో ఆడపిల్ల సారెలోకి వెళ్లేది ఇదే, బిడ్డ తొలి అడుగులు వేసినప్పుడు పంచేదీ ఇదే. ఇంత ముఖ్యమైన వంటను చేయడం మన తరంతో ఆగిపోతే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

విజయవాడ మిఠాయి కొట్లలో ఇప్పుడు ఏ నెలలోనైనా అరిసెలు దొరుకుతాయి. దూరాన ఉన్న పిల్లలకు ఆ రుచి అందుతోంది, చేసేవాళ్లకు బతుకుతెరువు దొరుకుతోంది. అది మంచిదే. కానీ పాకం చూడటం కొనుక్కుంటే రాదు, వీడియో చూసినా రాదు. చన్నీళ్లలో ఆ ఉండ ఎంత మెత్తగా ఉండాలో వేళ్లకే తెలియాలి. ఈ సంక్రాంతికి అరకిలో బియ్యమైనా నానబోయండి. ఇంట్లో అమ్మమ్మో, పెద్దమ్మో, మేనత్తో ఉంటే ఆవిడ పక్కన చన్నీళ్ల పళ్లెం పట్టుకుని నిలబడండి, ఉండ మీరే కట్టి చూడండి. మగపిల్లల్నీ పిలవండి, తెడ్డు తిప్పడానికి బలమైన చేతులు కావాలి.