నటుడు నిలబడ్డాడు, కథ పరుగెత్తింది

రెండోసారి చూసే సినిమాకి నేను కాసేపు సౌండ్ తీసేస్తాను. స్క్రీన్‌ప్లే మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఇంతకన్నా మంచి సాధన నాకు తెలీదు. మాట పోయాక తెరమీద మిగిలేది నటన, కథనం, అంతే. ఈ మధ్య ‘నాంది’ని అలా చూశాను. 2021 ఫిబ్రవరిలో వచ్చింది, దర్శకుడిగా విజయ్ కనకమేడలకి మొదటి సినిమా.

బండి సూర్యప్రకాష్ అనే మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఏసీపీ కిశోర్ ఒక లాయర్ హత్యకేసులో ఇరికిస్తాడు. ఏ పాపం తెలియని ఆ మనిషి ఏళ్ల తరబడి విచారణ ఖైదీగా మగ్గిపోతాడు. మన జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. అందుకే ఈ కథ నాకు అంత ముఖ్యమనిపించింది.

సౌండ్ లేకపోయినా మొదటి సగం కదలనివ్వదు. కారణం అల్లరి నరేష్. లాకప్‌లో ఒంటిమీద నూలుపోగు లేకుండా హింసకు గురయ్యే దృశ్యం గురించి అప్పట్లో అందరూ మాట్లాడారు. నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ తర్వాతి నరేష్. కామెడీ నటుడికి టైమింగే ప్రాణం. ‘కితకితలు’ నుంచి ‘సుడిగాడు’ దాకా ఎదుటివాడి మాట పూర్తికాకముందే ఆయన మొహం జవాబిచ్చేసేది. ఇక్కడ ఆ మొహమే ఆలస్యంగా స్పందిస్తుంది. మాట చెవిన పడ్డాక, అది తనకేనని తేల్చుకోవడానికి సూర్యకి ఒక క్షణం పడుతుంది. ఏళ్లపాటు తన పేరుకి విలువలేని చోట బతికిన మనిషి అలాగే ఉంటాడు. ఏడుపుతో తెచ్చే ప్రభావం కాదిది. ఇరవై ఏళ్లు అన్నం పెట్టిన విద్యను పక్కన పెట్టగలిగినవాడికే సాధ్యం. ‘గమ్యం’లో గాలి శీనుని చూసినవాళ్లకి ఆయనలో ఈ లోతు ఉందని 2008లోనే తెలుసు. దాన్ని వాడుకున్నవాళ్లే తక్కువ.

రెండో సగంలో ఆద్య అనే లాయర్ కథను చేతుల్లోకి తీసుకుంటుంది. ‘క్రాక్’లో జయమ్మగా భయపెట్టిన నెలకే వరలక్ష్మీ శరత్‌కుమార్ ఈ పాత్రలో నిబ్బరంగా నిలబడింది. లోపం ఆమెది కాదు. అక్కడి నుంచి సౌండ్ తీసేస్తే నాకు కథ అందలేదు. కోర్టులో నోళ్లు కదులుతున్నాయి, కాగితాలు చేతులు మారుతున్నాయి, ఎత్తులకు పైఎత్తులు పడుతున్నాయి. సూర్య అక్కడే ఉన్నాడు. కానీ అతని ఒంట్లోని ఆ ఐదేళ్ల జైలు ఏ సన్నివేశాన్నీ మలుపు తిప్పడం లేదు. ఇంటర్వెల్ దాకా కథను మోసినవాడు ఆ తర్వాత తన కేసుకి తనే సాక్షిలా మిగిలాడు. అంత మంచి నటన మొదట్లో చూశాం కాబట్టే తర్వాతి డొల్లతనం అంత స్పష్టంగా కనిపిస్తుంది. సాదాసీదా నటుడైతే మనకి తేడా తెలిసేది కాదేమో.

విషయం లేకనా? అప్పటి శిక్షాస్మృతిలోని సెక్షన్ 211ని కథకి ఆయువుపట్టు చేసుకోవడం గొప్ప ఆలోచన. తప్పని తెలిసీ ఒకరిమీద నేరం మోపినవాడిని శిక్షించే సెక్షన్ అది. మోపిన నేరం మరణశిక్ష పడదగ్గదైతే ఏడేళ్ల దాకా జైలు. పైగా ఆ తప్పుడు అభియోగం కోర్టు విచారణతో ముడిపడ్డదైతే బాధితుడు తనంతట తాను కేసు నడపలేడు, ఆ కోర్టే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తనను అన్నేళ్లు పట్టించుకోని వ్యవస్థ గడపలోనే మళ్లీ నిలబడి, నా తరఫున నువ్వే ఫిర్యాదు చెయ్యమని అడగాలి. ఆ నిరీక్షణ చాలు ఒక నటుడికి. సినిమా మాత్రం తొందరగా గెలిపించాలనుకుంది.

రెండు ముక్కల కథలన్నీ ఇలా విడిపోవు. వెట్రిమారన్ ‘విసారణై’ తీసుకోండి. గుంటూరులో కూలికి వచ్చిన తమిళ కుర్రాళ్లని చేయని దొంగతనం ఒప్పుకోమని పోలీసులు చావబాదుతారు. అక్కడి లాకప్‌ అనుభవాన్నే ఎం. చంద్రకుమార్ పుస్తకంగా రాశారు, ఈ సినిమాకి మూలం అదే. సగం దాటాక కథ చెన్నైకి మారుతుంది. కొత్త కేసు, కొత్త మనుషులు. అయినా అతుకు కనిపించదు. విడిపించిన ఇన్‌స్పెక్టర్ చెప్పాడని ఆ కుర్రాళ్లే స్టేషన్ ఊడ్చి కడుగుతుంటారు. వినకూడనివి వింటారు. దెబ్బలు తిన్న ఒళ్లు ఫ్రేములోంచి పోవు, కాబట్టి మన భయమూ పోదు. ఆ ఇన్‌స్పెక్టర్‌గా జాతీయ అవార్డు తెచ్చుకున్న సముద్రఖని 2010లో ‘శంభో శివ శంభో’లో నరేష్‌ని డైరెక్ట్ చేసినవాడే.

‘నాంది’ తర్వాత నరేష్ వెనక్కి తగ్గలేదు. 2023లో అదే దర్శకుడితో ‘ఉగ్రం’లో భార్యా కూతుళ్లు కనిపించకుండా పోయిన పోలీసుగా రగిలిపోయాడు. 2024లో ‘బచ్చల మల్లి’గా మొండితనాన్ని ఒళ్లంతా పూసుకున్నాడు. రెండుసార్లూ మనిషి నిజమనిపించాడు, సన్నివేశాల వరుసే నమ్మించలేదు. ఆయన కోసం కథ రాస్తున్నవాళ్లని నేను కోరేది ఒక్కటే: ఇంటర్వెల్ తర్వాతి నలభై పేజీల్లోంచి మాటలన్నీ తీసేసి, ఆ మనిషి ఏం చేస్తున్నాడో మాత్రమే మిగిల్చి, షూటింగ్‌కి ముందే ఒకసారి చదవండి.