కడలి ఎదుట చైత్యం

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో మంగమారిపేట దగ్గర ఎడమకు తిరిగి, తొట్లకొండ ఎక్కండి. మలుపు మలుపుకూ కెరటాల హోరు పలచబడుతుంది, గాలి చిక్కబడుతుంది. సముద్రానికి 128 మీటర్ల ఎత్తున నిలబడి వెనక్కి తిరిగి చూస్తే, ఆహా, ఏమి నీలం! ఒడ్డున పచ్చలా మొదలై, నడిమధ్య ముదిరి, ఆకాశపు అంచున ఆవిరై కరిగిపోయే నీలం. అటు వేటకు వెళ్లిన తెప్పలు, ఇటు రెండువేల ఏళ్లనాటి మహాస్తూపం!

ఎంత నిగర్వమైన నిర్మాణం! గోపురమై నింగిని పొడవాలన్న పంతం లేదు. ఇటుకా రాయీ కలిసి, వలయంలో వలయంగా, కొండ ఒడిలోనే ఒదిగిపోయాయి. చైత్యాల గుండ్రదనం, విహారాల గదుల వరసలు, చర్చామండపంలో కప్పు పోయినా నిలిచిన స్తంభాలు — అన్నీ తగ్గి కూర్చున్నాయి. అందుకే ఇక్కడ ఆకాశం అంత ఎత్తుగా కనిపిస్తుంది. వంటశాల, భోజనశాల ఆనవాళ్లు కూడా చూడండి. ధ్యానంతోపాటు ఆకలీ ఉన్న మనుషుల చోటు ఇది. ఆ తలపు నాకు మరీ ఇష్టం.

కొండకు పేరిచ్చిన రాతి తొట్ల దగ్గర కాసేపు ఆగాలి. శిల తొలిచి, వాన ఒడిసిపట్టి, ఆ నీటితో ఒక సంఘమే బతికింది. కనుచూపు మేరా ఉప్పునీరు, అరచేతి మేర తీపినీరు!

హీనయాన భిక్షువుల నెలవు గనుక బుద్ధుణ్ణి విగ్రహంగా కొలిచిన జాడ లేదు. తవ్వకాల్లో బుద్ధపాదాలు చెక్కిన పలకలు దొరికాయి. ముఖం చూపకుండా అడుగుజాడ మాత్రమే చూపడం ఎంతటి కళాసంయమం! ఆ పాదాలు ఎటు నడిచాయో తలచుకుంటూ తల ఎత్తితే ఎదురుగా అంతులేని కడలి. సాతవాహన నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ బయటపడ్డాయి ఇక్కడ. ఎక్కడి రోము, ఎక్కడి మంగమారిపేట! ఏ నావికుడి మొలసంచిలోంచి ఏ చేతులు మారి చేరాయో, ఆ వెండి ఈ కొండ మట్టిలో కళ్లు మూసుకుంది.

1976లో నౌకాదళం విమానం నుంచి సర్వే చేస్తుండగా ఈ చోటు కంటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వి వెలికితీసింది. పక్కనే బావికొండ, భీమిలిలో పావురాలకొండ: ఈ తీరమంతా ఒకనాడు ఆరామాల తోరణమే. అయినా నా ఓటు తొట్లకొండకే. కడలితో ఇంత దగ్గరి చెలిమి తక్కిన రెండింటికీ లేదు.

వానలు వెలిశాక, కొండ పచ్చగా ఉన్నప్పుడు రండి, పొద్దున్నే రండి. పిల్లలను తీసుకురండి. ఫొటోల కోసం మాత్రం ఆ గోడలెక్కకండి.