వెండి గొట్టమా, చుక్కల మందా?

చెవిపొర వెనక జిగురునీరు నిలిచి పిల్లలకు సరిగా వినపడకపోతే, పొరకు చిన్న గాటు పెట్టి గ్రోమెట్ అనే బుల్లి గొట్టం అమరుస్తారు. ఆ తర్వాత ఎక్కువగా వచ్చే ఇబ్బంది చెవి కారడం. దీనికి రెండు దారులున్నాయి: సూక్ష్మజీవుల్ని చంపే గుణం గొట్టానికే ఇవ్వడం, లేదా మామూలు గొట్టం పెట్టి, కారినప్పుడు చుక్కల మందు వేయడం.

మొదటి దారిలో పేరున్నది వెండి ఆక్సైడ్ కలిపిన సిలికోన్ గొట్టం. దీనితో చెవి కారడం తగ్గిందని 1995లో చోల్, హబెల్ ప్రచురించిన అమెరికా పరీక్ష చెప్పింది. తడి తగలగానే వెండి అయాన్లు బయటికొచ్చి బాక్టీరియాను దెబ్బతీస్తాయి. ఆలోచన మంచిదే. అయితే ఆ వెండి బలమంతా గొట్టం ఒంటి మీదే. చీము ఎక్కువగా పుట్టేది జలుబుతో, మధ్యచెవి లోపల. పైగా రక్తం, జిగురు ముందే గొట్టానికి పొరలా అంటుకుంటే, ఆ పొర మీద కొత్త బాక్టీరియా వెండికి తగలకుండానే గూడు కట్టుకోవచ్చు.

చుక్కల మందు చీమున్న చోటికే దిగుతుంది. 0.3 శాతం సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కల్లో మిల్లీలీటరుకు 3,000 మైక్రోగ్రాముల మందుంటుంది. నోటి మందుతో చెవిలో అంత గాఢత రాదు. నెదర్లాండ్స్‌లో గ్రోమెట్ ఉండి చెవి కారుతున్న 230 మంది పిల్లల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. రెండు వారాల తర్వాత కూడా చెవి కారుతున్నవారు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వాడినవారిలో 5 శాతం, నోటి యాంటీబయాటిక్ తీసుకున్నవారిలో 44, మందు లేకుండా కనిపెట్టి ఉంచినవారిలో 55. ఇంత తేడా కనిపించాక నా ఓటు చుక్కలకే.

అలాగని గొట్టం మీద పరిశోధన వృథా కాదు. 2023లో హార్వర్డ్ బృందం చూపిన గొట్టానికి ద్రవం ఇంకిన జారుడు గోడలున్నాయి. బాక్టీరియా సులువుగా అంటదు, చుక్కలు మాత్రం లోపలికి దిగుతాయి. అప్పటికి పరీక్షించింది చించిల్లా అనే జంతువుల్లోనే. అయినా వెండి గొట్టంకన్నా ఇదే సరైన దిశ. మందుకు దారివ్వని గొట్టం ఎంత శుభ్రంగా ఉన్నా సగం పనే చేసినట్టు.

మన దగ్గర అసలు ప్రమాదం వేరే చోటుంది. చెవి కారగానే మందుల షాపులో ఏవో చుక్కలు అడుగుతారు, లేదా గోరువెచ్చని నూనె పోస్తారు. గ్రోమెట్ ఉన్న చెవిలో నియోమైసిన్, జెంటామైసిన్ చుక్కలు లోపలికి దిగితే లోపలిచెవిలోని వినికిడి కణాలకే ముప్పు రావచ్చు. నూనె అసలే పోయకూడదు. గ్రోమెట్ వేయించుకుని ఇంటికి బయల్దేరే ముందే, చెవి కారితే ఏ చుక్కలు వేయాలో డాక్టరుగారిని అడిగి చీటీ మీద పేరు రాయించుకోండి.