గోదావరి గట్టున కుక్క

శాతవాహన రాజు హాలుడి ప్రాకృత పద్యాల సంకలనం గాథాసప్తశతిలో ఒక కుక్క ఉంది. గోదావరి ఒడ్డున పూలు కోసుకోవడానికి వచ్చే సాధువుకు అదంటే హడలు. ఒకామె అతనికి కబురు చెబుతుంది: ఇక నిశ్చింతగా తిరుగు సామీ, ఆ కుక్కను గట్టు మీది పొదలో ఉంటున్న సింహం చంపేసింది. ఆ పొద ఆమె ప్రియుణ్ణి కలుసుకునే చోటు.

9వ శతాబ్దంలో అలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వనికి, అంటే పైకి అనని అర్థం స్ఫురించడానికి, మొదటి ఉదాహరణగా ఈ గాథనే తీసుకున్నాడు. పైమాట తిరగమని, లోమాట తిరగొద్దని. అది ధ్వని కాదు, ఆనవాళ్లను బట్టి తర్కంతో ఊహించే అనుమాన ప్రమాణమేనని తర్వాతి అలంకారికుడు మహిమభట్టు వాదించాడు. కాదని మరో అలంకారికుడు మమ్మటుడు ఖండించాడు.

నేను తెలుగు పంతులుగా పనిచేసినంత కాలం ఇలాంటి పద్యం వస్తే సంధులు, సమాసాలు చెప్పి దాటేశాను. పిల్లలకు చేసిన అన్యాయం అది. కిందటేడు కొమరోలులో మా పెద్దమ్మకు ఈ గాథ చెప్పాను. ఆమెకు అక్షరం రాదు. నల్లమల అంచున పుట్టింది, చిరుత కుక్కను ఎత్తుకుపోవడం ఎరిగిన మనిషి. నేను ముగించకముందే అందుకుంది: "ఆ పిల్లకు ఆడ ఎవురితోనో పనుందిరా నాయనా. సామిని రావద్దంటాంది." కాసేపాగి, "పాపం, ఆ కుక్క నిజంగానే సచ్చిందా?" అని అడిగింది.

ఆమె రెండో మాట నాకు ఇంకా ముఖ్యం. ఇలాంటి ప్రశ్నే ఇంకో చోటా ఉంది. రోమన్ కవి కాటుల్లస్, ప్రియురాలు లెస్బియా ఒళ్లో ఆడుకునే పిచ్చుక మీద ఒక కవిత రాశాడు, అది చనిపోయిందని మరొకటి. పిచ్చుకంటే పురుషాంగమేనని 1489లో ఇటలీ పండితుడు పొలిజియానో సూచించాడు, ఆ తగవు నేటికీ తెగలేదు. గ్రీకు కవయిత్రి సాఫో ప్రేమదేవత రథానికి పిచ్చుకలనే కట్టింది కనుక ఆ ఊహ గాలిలోంచి ఊడిపడిందేమీ కాదు. కానీ పిచ్చుకను తీసేసి ఆ స్థానంలో అవయవాన్ని పెడితే, దానికోసం ఏడ్చి ఎర్రబడిన ఆ అమ్మాయి కళ్లు ఏమైపోవాలి? శృంగారం ఆమె వేలికీ పిట్ట ముక్కుకీ మధ్య ఉంది, చూస్తూ కూర్చున్నవాడి అసూయలో ఉంది. మన గాథలోనూ అంతే. కుక్క కుక్కగా బతికితేనే ఆమె మాటకు బలం.

కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారి, తెలుగు కవి శ్రీనాథుడు. పడుచుప్రాయంలో ఈ సప్తశతిని తెనిగించానని చెప్పుకున్నాడు. ఆ పుస్తకం మనకు దక్కలేదు. ఆ జాణ నోట ఆయన ఏ తెలుగు పెట్టాడో, సామిని ఏమని పిలిపించాడో వినాలని ఉంది.