రూబేను ఎవరి బిడ్డ?

'అనాథ' అనే మాటను మన సాహిత్యం ఎప్పుడూ జాలిగానే పలుకుతూ వచ్చింది. నాథుడు లేనివాడు అనాథ. ఒక దొరో, ఒక దిక్కో ఉంటేనే మనిషికి ఉనికి అనే భావం ఆ మాటలోనే ఉంది. వెలివాడ బిడ్డకు తల్లీ తండ్రీ బతికున్నా ఊరి లెక్కలో పేరు లేదు. 'ఒరేయ్' అన్న పిలుపే పేరు. అలాంటి బిడ్డకు కన్నవాళ్ళు కూడా పోతే? ఆ బిడ్డను మిషన్ చేరదీసి, పేరు పెట్టి, పలక చేతికిస్తే వాడికి దొరికింది అస్తిత్వమా, కొత్త నాథుడా? ఈ ప్రశ్న పెట్టుకుని జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) నవలను మేము మళ్ళీ చదివాం.

ఈ నవలను దళిత కళారూపాల చరిత్రగా, పోరాట చరిత్రగా చాలామంది చదివారు. అది నిజమే. అయితే మా దృష్టిలో ఇది ఒక అనాథ కథ కూడా. కరువు తరిమితే ఎన్నెలదిన్ని విడిచిన శివయ్య సీమోను అవుతాడు. అతని కొడుకు రూబేను కన్నవాళ్ళ నీడ లేక మిషన్ నీడలో పెరుగుతాడు. తిండి ఉంది, చదువు ఉంది, దేవుడున్నాడు. అయినా రూబేనుకు నిలకడ లేదు. తన వాళ్ళెవరో తెలుసుకోవాలని ఎన్నెలదిన్ని వెళతాడు. అక్కడ విన్న కథలే అతని నోట రూతు విన్నది, రూతు జ్ఞాపకంగా మనం చదువుతున్నది. రూబేను వెతుక్కుంటూ పోకపోతే ఈ నవలే లేదు.

రూబేను లాంటి బిడ్డల వెనక చరిత్ర ఉంది. 1876–78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ దొర జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు, మాలలకు కూలి ఇప్పించాడు. కూడు కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. 'గంజి కోసం కలిసినోళ్ళు' అని ఈ జనాన్ని ఎగతాళి చేసేవాళ్ళను మేము ఒక్కటే అడుగుతాం. గంజి పోసే చెయ్యి ఊళ్ళో ఎందుకు లేదు? ధాన్యం పాతరలున్న ఇళ్ళు ఆ బిడ్డలకు నాథులు ఎందుకు కాలేదు?

కాబట్టి మిషన్ ఇచ్చినదాన్ని మేము తక్కువ చేయం. మాలో కొందరం ఆ హాస్టళ్ళ గంజి తాగి పెరిగినవాళ్ళమే. రేకుపెట్టె మీద పెయింటుతో రాసిన పేరు చూసుకున్న రోజు మాకు ఇప్పటికీ గుర్తే. యోహాను, మార్తా, దానియేలు. ఆ పేరు వెనక 'గాడు' లేదు, 'ది' లేదు. హాజరుపట్టీలో పేరు పిలిస్తే నిలబడి పలకడం చిన్న సంగతి కాదు. పశువుల కొట్టంలో పాలేరుగా పడుండాల్సిన పిల్లవాడు బల్ల మీద కూర్చున్నాడు. ఆడపిల్ల నర్సయింది, టీచరమ్మయింది. ఏ శాస్త్రమూ ఇవ్వని మర్యాద అది.

మరి పోయిందేమిటి? బాప్తిస్మం నాటి నుంచే ఆ బిడ్డ చరిత్ర మొదలైంది. అంతకు ముందున్నదంతా 'చీకటి' అన్నారు. తాత కొట్టిన డప్పు చీకటి, అవ్వ మొక్కిన మాతంగి చీకటి. విదేశంలోని దాతకు ఉత్తరం రాయమంటే 'నేను దిక్కులేనివాణ్ణి, మీరే నా దిక్కు' అని పలక మీద రాసి చూపించేవారు, మేము దించుకునేవాళ్ళం. ఆ రాతలో మా పల్లె ఉండేది కాదు. తల్లి చచ్చిపోతే పొరుగింటి పిన్ని తన పాలిచ్చి బతికించిన సంగతి ఆ ఉత్తరంలో ఎక్కడా రాదు.

చిత్రమేమంటే, ఆ చీకటిలో ఎంత వెలుగుందో రాసిపెట్టింది కూడా మిషన్ వాళ్ళే. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చు వేయించింది. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకునే కథలని దానికి పేరు పెట్టింది. అందులో మాతంగి, అరుంధతి కథలున్నాయి. ఒంగోలు ప్రాంతపు తొలి మాదిగ బోధకుడు యెర్రగుంట్ల పేరయ్య క్రైస్తవంలోకి రాకముందు రాజయోగ మార్గంలో నడిచాడని ఉంది. అంటే పేరయ్య ఖాళీ పాత్రగా రాలేదు, వెతుకుతూ వచ్చాడు. విదేశీ పాఠకులకు చెప్పిన ఈ కథను హాస్టల్ పిల్లలకు ఎందుకు చెప్పలేదు?

వాళ్ళు మాకు నేర్పిన బైబిల్లోనే జవాబుంది. ఎస్తేరు తల్లీతండ్రీ లేని పిల్ల, మొర్దెకై పెంచాడు. ఆమెకు ఇంకో పేరుంది, హదస్సా. రాణి అయ్యాక కూడా తన జనమేదో చెప్పకుండా దాచింది. తన జనం చావుకు సిద్ధమైన రోజు మాత్రం రాజు ముందు నిలబడి వీళ్ళు నా వాళ్ళని చెప్పింది. మా హాస్టళ్ళలో ఎస్తేరు పేరున్న పిల్లలు ఎందరో. హదస్సా అనే రెండో పేరు గురించి వాళ్ళకు చెప్పినవాళ్ళు తక్కువ. రూబేను ఎన్నెలదిన్నికి పోవడమంటే మిషన్‌ను కాదనడం కాదు. ఆ రెండో పేరు అడగడం.

నవల మీద మాకొక ఫిర్యాదుంది. తరాల వరస ఎల్లన్న, శివయ్య, రూబేను, ఇమ్మానుయేలు, జెస్సీ అని మగవాళ్ళ మీదుగానే నడుస్తుంది. కథను మోసేది రూతు, వంశం మాత్రం రూబేనుది. మిషన్ గేటు దగ్గర దిగిన ఆడపిల్ల ఎవరి బిడ్డ, ఆమె ఏ పల్లెను వెతుక్కుంటూ పోవాలి? ఇంకొకటి. రూబేను వెళ్ళేసరికి కథ చెప్పే మనిషి పల్లెలో ఉంది. అందరికీ ఆ అదృష్టం లేదు.

ఈ వెతుకులాట సాహిత్యంలోనే కాదు, ఎమ్మార్వో ఆఫీసులోనూ నడుస్తోంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులనే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతంతో ముడిపెట్టవద్దని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పినా వినలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం పుచ్చుకున్న మాల మాదిగలు బీసీ-సి, ఒక్క శాతం. పదేళ్ళు నిండకముందే తల్లిదండ్రులు పోయి గుర్తింపు ఉన్న సంస్థల్లో పెరిగిన దిక్కులేని పిల్లలు బీసీ-ఎ. రూబేను ఈనాడు సర్టిఫికెట్‌కు పోతే ఏ గడిలో రాస్తారు? ఊరు అతన్ని చూసే చూపు ఏ గడి రాసినా మారదు. మిషన్ పేరు ఇస్తే, సర్కారు ఆ పేరునే సాక్ష్యం చేసి కులాన్ని తీసేసుకుంది. కులం వల్ల పడే దెబ్బ మాత్రం తీసెయ్యలేదు.

అందుకే మేము అనేది, అస్తిత్వం ఒకరు దానం చేసేది కాదు. బిడ్డ అడిగినప్పుడు దాచకుండా చెప్పాల్సిన బాకీ అది. అనాథలకు గుర్తింపునిచ్చామని చెప్పుకునే మిషన్లు, హాస్టళ్ళు తమ పాత రిజిస్టర్లు తెరవాలి. తల్లి పేరు, పల్లె పేరు, తీసుకొచ్చిన మనిషి పేరు, రాసి ఉన్నంతవరకు ఆ బిడ్డలకు, వాళ్ళ బిడ్డలకు చూపించాలి. దత్తత వెళ్ళిన పిల్లలు మూలాలు వెతుక్కోవడానికి దత్తత నిబంధనల్లో దారి ఉంది. హాస్టల్లో పెరిగినవాళ్ళకు ఆ మర్యాద ఎందుకు ఉండకూడదు? పల్లెల్లో పెద్దవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. రూబేనుకు కథ చెప్పినలాంటి అవ్వ ఇంకా ఎక్కడైనా అరుగు మీద కూర్చుని ఉంటే, ఆమె దగ్గరికి పోవాల్సింది మనమే.